పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను బాగుచేసి మెరుగుపరచడం: తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వాదకులకు సమగ్ర మార్గదర్శి

పాత ఎలక్ట్రిక్ గిటార్ చేతికి రాగానే చాలామంది మొదట కొనేది కొత్త పికప్‌లనే. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న గిటార్‌కైనా, ఒకప్పుడు గంగమ్మ జాతర వేదికల మీద ఆర్కెస్ట్రాతో మోగి ఇప్పుడు మూలన చేరిన గిటార్‌కైనా ఇదే వైద్యం జరుగుతోంది. పికప్‌లు మారిన తరువాత కూడా తీగ ఐదో ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గర జీరగా మోగుతూనే ఉంటుంది, శ్రుతి చేసిన పది నిమిషాలకే తీగలు దిగిపోతూనే ఉంటాయి. పికప్ తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే పరికరం మాత్రమే కాబట్టి, ఆ కంపనమే సరిగా లేనప్పుడు ఎంత ఖరీదైన పికప్ అయినా ఆ లోపాన్ని మరింత స్పష్టంగా వినిపించడం తప్ప ఏమీ చేయలేదు. అందువల్ల ఈ మార్గదర్శిలో పని వరుస చాలా ముఖ్యం: మొదట నెక్ (గిటార్ మెడ), తరువాత ఫ్రెట్లు, నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ), ఆపైన బ్రిడ్జ్ (శరీరం మీద తీగలు ఆనే భాగం), ట్యూనర్లు (తీగలు బిగించే బిరడాలు), ఆ తరువాత లోపలి వైరింగ్, అన్నిటికన్నా చివర పికప్‌లు. ఈ వరుసను పాటించినవారిలో చాలామందికి నట్ పని ముగిసేసరికే కొత్త పికప్‌ల అవసరం తీరిపోతుందని నా నమ్మకం.

మొదటి అంచె: గిటార్‌ను గుర్తించడం

విప్పడానికి ముందు మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి. మన ప్రాంతంలో కనిపించే పాత ఎలక్ట్రిక్ గిటార్లలో అధికభాగం 1954లో ఫెండర్ సంస్థ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ ఆకారానికో, 1952లో గిబ్సన్ సంస్థ తెచ్చిన లెస్ పాల్ ఆకారానికో అనుకరణలు. నట్ అంచు నుండి 12వ ఫ్రెట్ మధ్యభాగం వరకు కొలిచి రెండింతలు చేస్తే తీగ పలికే పొడవు తెలుస్తుంది. అది సుమారు 648 మి.మీ. ఉంటే ఫెండర్ పద్ధతి, 628 మి.మీ. దగ్గర ఉంటే గిబ్సన్ పద్ధతి. విడిభాగాలు కొనేటప్పుడు ఈ కొలత అడుగడుగునా పనికివస్తుంది.

వైరింగ్‌ను కప్పే మూతనుగానీ ముందరి పలకనుగానీ తీసి వాల్యూమ్ పాట్ల (శబ్దాన్ని హెచ్చించే, తగ్గించే తిరుగుడు భాగాల) వీపును కూడా చూడండి. 137తో మొదలయ్యే ఏడంకెల సంఖ్య ముద్రించి ఉంటే అది అమెరికాలోని సి.టి.ఎస్. సంస్థ తయారుచేసిన పాట్. ఆ తరువాతి రెండు అంకెలు సంవత్సరాన్ని, చివరి రెండు అంకెలు వారాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 1376612 అంటే 1966వ సంవత్సరం 12వ వారం. 1970కి ముందటి అసలైన అమెరికన్ గిటార్ అని ఇలా అనుమానం కలిగితే అక్కడే ఆగి, తెలిసినవారికి చూపించడం మంచిది. అలాంటి వాద్యంలో టంకపు అతుకు కూడా విప్పకుండా ఉంటేనే దాని విలువ నిలుస్తుంది. మిగిలిన వాటి విషయంలో నిస్సంకోచంగా పని మొదలుపెట్టవచ్చు గానీ ఒక నియమం మాత్రం తప్పకూడదు: చేసిన మార్పును మళ్లీ వెనక్కి తిప్పే అవకాశం ఉండాలి. కొత్త రంధ్రం వేయవలసి వచ్చే విడిభాగం కంటే పాత రంధ్రాల్లోనే కూర్చునే విడిభాగాన్ని ఎంచుకోవాలి. పాత వార్నిష్‌ను గీకి కొత్త రంగు వేయించాలన్న కోరికను ఈ అంచెలోనే పక్కన పెట్టండి. రంగు మార్పు వాదనకు ఏ విధంగానూ సాయపడదు, పాత గిటార్ల విలువను మాత్రం తగ్గిస్తుంది.

ప్రతి భాగాన్నీ విప్పే ముందు ఫోటో తీయాలి. వైరింగ్ విషయంలో ఫోటోతో పాటు ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద గీసుకోవాలి, ఎందుకంటే టంకపు మరకల కింద అతుకులు ఫోటోలో సరిగా కనిపించవు.

రెండవ అంచె: కాలాన్ని చూసుకోవడం

చెక్క గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారినప్పుడు ఫింగర్‌బోర్డు, అంటే ఫ్రెట్లు బిగించిన నెక్ పైచెక్క, అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహపు ఫ్రెట్లు మాత్రం కుంచించుకోవు. ఫలితంగా వాటి కొసలు నెక్ అంచు నుండి బయటికి పొడుచుకువచ్చి అరచేతికి గీసుకుంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వర్షాలతో అదే చెక్క ఉబ్బుతుంది, నెక్ వంపు మారుతుంది. చెక్క పని చేసేవారు గాలిలో తేమ 45 నుండి 55 శాతం మధ్య ఉండటాన్ని అనువైన స్థితిగా భావిస్తారు. మన దగ్గర ఏడాది పొడవునా అది సాధ్యం కాదు కాబట్టి, ఫ్రెట్ల పనిని ఎండల నడుమగానీ, ముసురు పట్టిన రోజుల్లోగానీ పెట్టుకోకుండా జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేయించుకోవడం మేలు. రేకుల కప్పు కింది అటక మీద నుండి దించిన గిటార్‌ను వెంటనే విప్పకూడదు. తీగలు కొంచెం వదులు చేసి, మీరు రోజూ వాయించే గదిలోనే వారం పది రోజులు ఉంచి, చెక్క ఆ గది వాతావరణానికి అలవాటుపడిన తరువాతే కొలతలు తీసుకోవాలి.

మూడవ అంచె: నెక్ వంపు

పది నంబరు (సన్న తీగ మందం 0.010 అంగుళం) తీగల సెట్టు మొత్తం మీద సుమారు 46 కిలోల బలంతో, తొమ్మిది నంబరు సెట్టు సుమారు 38 కిలోల బలంతో నెక్‌ను ముందుకు లాగుతాయి. ఈ లాగుడును ఎదిరించడానికి నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. చవకగా తయారైన కొన్ని పాత గిటార్లలో తిప్పడానికి వీలులేని మామూలు ఇనుప పట్టీ మాత్రమే ఉంటుంది. హెడ్‌స్టాక్ (ట్యూనర్లు ఉండే నెక్ కొస) దగ్గరగానీ, నెక్ మడమ (నెక్ శరీరంతో కలిసేచోటు) దగ్గరగానీ తిప్పే నట్టు ఏదీ కనిపించకపోతే మీది ఆ రకమే అనుకోవచ్చు. అప్పుడు తొమ్మిది నంబరు తీగలతోనే సరిపెట్టుకోవడం శ్రేయస్కరం.

వంపును కొలవడానికి మొదటి ఫ్రెట్‌పై కాపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు) బిగించి, నెక్ శరీరంతో కలిసేచోట ఉన్న ఫ్రెట్‌పై లావు తీగను నొక్కి, ఎనిమిదో ఫ్రెట్‌కూ లావు తీగకూ మధ్య ఉన్న సందును చూడాలి. సందు 0.25 మి.మీ. ఉండాలి. ఫింగర్‌బోర్డు బాగా గుండ్రంగా ఉన్న పాత పద్ధతి నెక్‌లకు 0.3 మి.మీ. వరకు ఉండవచ్చు. దీన్ని కొలిచే ఫీలర్ గేజ్ కోసం సంగీత వాద్యాల దుకాణాలు వెతకనవసరం లేదు, మోటారు సైకిల్ ట్యాపెట్ సెట్టింగుకు మెకానిక్కులు వాడేది అదే. స్పేర్ పార్ట్స్ దుకాణాల్లో సులభంగా దొరుకుతుంది.

సందు ఎక్కువగా ఉంటే ట్రస్ రాడ్ నట్టుకు ఎదురుగా నిలబడి కుడివైపుకు తిప్పాలి, తక్కువగా ఉన్నా అసలు లేకపోయినా ఎడమవైపుకు తిప్పాలి. ఒక్కసారికి పావు చుట్టుకు మించకూడదు. తిప్పిన తరువాత మళ్లీ శ్రుతి చేసి, కొన్ని గంటలు ఆగి, అప్పుడు కొలవాలి. ఏళ్ల తరబడి కదలని నట్టు తుప్పుపట్టి బిగిసిపోయి ఉంటుంది. అప్పుడు తీగలు పూర్తిగా వదులు చేసి, సన్నని సూది కొసతో ఒక్క చుక్క నూనె నట్టు మరలకు మాత్రమే తగిలేలా వేసి ఒక రాత్రి ఉంచి, మరునాడు నెక్‌ను చేత్తో మెల్లగా వెనక్కి వంచిపట్టి ప్రయత్నించాలి. అప్పటికీ కదలకపోతే బలం వాడకుండా అనుభవజ్ఞునికి అప్పగించాలి. లోపల విరిగిన ట్రస్ రాడ్‌ను మార్చాలంటే ఫింగర్‌బోర్డునే ఊడదీయవలసి వస్తుంది.

నెక్‌ను శరీరానికి బిగించే స్క్రూలు పాత గిటార్లలో తరచు పట్టు తప్పి తిరుగుతూ ఉంటాయి. రంధ్రంలో చెక్క జిగురు వేసి, అగరుబత్తి పుల్లల వంటి వెదురు చీలికలను నిండుగా దూర్చి, ఆరిన తరువాత అంచుకు సమంగా కోసి స్క్రూ బిగిస్తే పట్టు తిరిగి వస్తుంది. శరీరంలో పెద్ద గుంతలు పూడ్చవలసి ఉంటే శ్రీకాళహస్తి సమీపంలోని మాధవమాల శిల్పుల వంటి సన్నని ఉలి పని తెలిసినవారు మామూలు ఫర్నిచర్ వడ్రంగుల కంటే ఎంతో శుభ్రంగా చేస్తారు. బాగా ఆరిన చెక్కనే వాడమని మాత్రం అడగాలి. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. శేషాచలం ఎర్రచందనం వాద్యాలకు ఎంత పేరుపొందినదైనా, సరైన అనుమతి పత్రాలు లేని ముక్కను ఫింగర్‌బోర్డు అతుకు కోసం కూడా తీసుకోకూడదు. చట్టం మాట అటుంచినా, ఆ చెట్టు మన కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా అడవిగా పెరగదనుకుంటే చాలు, చేయి వెనక్కి రావాలి. ఈ పనికి ఇండియన్ రోజ్‌వుడ్, అంటే మన జిట్టేగి, అన్ని విధాలా చాలు.

నాలుగవ అంచె: ఫ్రెట్లు

గిటార్‌ను వాయించదగినదిగా చేసేదీ, చేయలేనిదీ చాలావరకు ఈ పనే. అందుకే ఇక్కడ తొందర పనికిరాదు.

తీగలన్నీ తీసివేసి, చిన్న ఉక్కు పట్టీ అంచును మూడు వరుస ఫ్రెట్ల మీద ఆనించి చూడాలి. పట్టీ ఊగిసలాడితే మధ్యలో ఉన్న ఫ్రెట్ ఎత్తుగా ఉన్నట్టు. ఇలా మొదటి ఫ్రెట్ నుండి చివరి వరకు, లావు తీగ వైపు, నడుమ, సన్న తీగ వైపు విడివిడిగా పరీక్షించి, ఎత్తైన చోట్లను పెన్సిల్‌తో గుర్తించాలి. ఎత్తైన ఫ్రెట్‌ను వెంటనే ఆకురాయితో అరగదీయకూడదు. అది గాడిలో నుండి కొంచెం పైకి లేచి ఉండవచ్చు. నైలాన్ సుత్తితోగానీ, చెక్క ముక్కను అడ్డుపెట్టిగానీ మెల్లగా తట్టి, అది కిందికి దిగితే పలుచని సూపర్ గ్లూను గాడి అంచు నుండి పీల్చుకునేలా ఒక చుక్క వేసి, బిగించి ఆరనివ్వాలి. ఎత్తైన ఫ్రెట్లలో చాలా వాటికి ఈ ఒక్క పనే సరిపోతుంది.

అప్పటికీ హెచ్చుతగ్గులు మిగిలితే ఫ్రెట్లన్నిటినీ సమం చేయాలి. ట్రస్ రాడ్‌తో ఫింగర్‌బోర్డును తీగలు లేకుండానే పూర్తిగా తిన్నగా ఉండేటట్లు సరిచేయండి. ఫ్రెట్ల మధ్య చెక్కను మాస్కింగ్ టేపుతో కప్పండి. పికప్‌లను కూడా తప్పనిసరిగా కప్పాలి, ఎందుకంటే లోహపు రజను వాటిలోకి చేరితే తిరిగి తీయడం చాలా కష్టం. ప్రతి ఫ్రెట్ నెత్తి మీద నల్ల మార్కర్ రాసి, నిజంగా తిన్నగా ఉన్న చదునైన లోహపు పట్టీకి 320 నంబరు ఎమరీ పేపరు అంటించి, నెక్ పొడవునా, ఫింగర్‌బోర్డు గుండ్రాన్ని అనుసరిస్తూ, పట్టీ బరువుతోనే తప్ప చేతి బలంతో నొక్కకుండా రుద్దాలి. అన్ని ఫ్రెట్ల మీదా మార్కర్ గీత చెరిగిన క్షణానే ఆపాలి. ఒక్క ఫ్రెట్ మీద మాత్రమే ఎక్కడో చిన్న గుంత మిగిలిందని మిగతా ఇరవై ఫ్రెట్లను అరగదీయడం దండగ.

ఇప్పుడు ఫ్రెట్ల నెత్తులు చదునుగా మారి ఉంటాయి. చదునైన ఫ్రెట్ మీద తీగ ఖచ్చితంగా ఏ బిందువు దగ్గర ఆగుతుందో తెలియదు కాబట్టి శ్రుతి పక్కకు పోతుంది, తీగ జీరగా పలుకుతుంది. మళ్లీ మార్కర్ రాసి, గుండ్రపు గాడి ఉన్న ఫ్రెట్ ఆకురాయితో ఇరుపక్కలనూ అరగదీస్తూ నెత్తిమీద వెంట్రుకంత నల్లగీత మాత్రం మిగిలేలా చేయాలి. ఆ గీతను అంటుకోకుండా ఉండటమే ఈ పని రహస్యం. తరువాత 400, 600, 1000, 2000 నంబర్ల ఎమరీ పేపర్లతో వరుసగా నున్నచేసి, చివర బ్రాసో వంటి లోహపు పాలిష్‌తో మెరిపించాలి. వేసవిలో పొడుచుకొచ్చిన కొసలను సన్నని ఆకురాయితో వాలుగా గుండ్రంగా చేయాలి. అరిగి అరిగి ఫ్రెట్ ఎత్తు సుమారు 0.6 మి.మీ. కంటే తక్కువ మిగిలిందంటే, సమం చేయడం మాని ఫ్రెట్లు మార్పించుకోవడమే సరైన దారి.

ఇక్కడ మన సంగీతానికి సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల వంటి చోట్ల వీణ నేర్చుకొని గిటార్ వైపు వచ్చేవారికి గమకాలు పలికించడమే ప్రధానం. వీణ మెట్లు మైనపు మేళం మీద ఎత్తుగా నిలబడతాయి కాబట్టి తీగను పక్కకు లాగినప్పుడు వేలు చెక్కకు తగలదు. గిటార్‌లో ఆ సౌఖ్యం కావాలంటే ఎత్తైన జంబో ఫ్రెట్లు, తొమ్మిది నంబరు తీగలు కావాలి. యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకాన్ని ఎంత నిండుగా పలికించారో విన్నవారికి, ఫ్రెట్లున్న వాద్యంతో కర్ణాటక సంగీతం పొసగదన్న మాట ఎంత నిరాధారమో వేరే చెప్పనక్కరలేదు. ఫ్రెట్లు మార్పించుకునే అవసరం ఎలాగూ వచ్చినప్పుడు, గమకం కోరేవారు ఎత్తైన వాటినే అడిగి వేయించుకోవాలి.

ఫింగర్‌బోర్డు రోజ్‌వుడ్‌దైతే పాత మురికిని మెత్తని గుడ్డతో తుడిచి, రెండు మూడు చుక్కల మినరల్ ఆయిల్ రాసి, పది నిమిషాల తరువాత పొడిగా తుడవాలి. వార్నిష్ ఉన్న మేపుల్ బోర్డుకు నూనె అవసరం లేదు. కొబ్బరినూనె, వంటనూనె ఎప్పుడూ వాడకూడదు, అవి జిడ్డుగట్టి ముక్కిపోయిన వాసన వస్తాయి.

ఐదవ అంచె: నట్

ట్యూనర్లు పాడయ్యాయని అనుకునే గిటార్లలో అనేకం నిజానికి నట్ గాడిలో తీగ ఇరుక్కోవడం వల్లనే శ్రుతి తప్పుతాయి. శ్రుతి పెంచేటప్పుడు తీగ టక్కుమని దూకినట్లు వినిపిస్తే దోషం నట్‌దే. మెత్తని పెన్సిల్ గ్రాఫైట్‌ను గాడిలో రుద్ది చూడటం మొదటి చికిత్స.

గాడి లోతును చూడటానికి మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగ ఎంత ఎత్తున ఉందో గమనించాలి. పలుచని కాగితం పట్టేంత సందు ఉంటే చాలు. ఎక్కువ సందు ఉంటే మొదటి మూడు ఫ్రెట్లలో పట్టే కార్డ్‌లన్నీ (ఒకేసారి పలికించే స్వరాల గుంపులు) హెచ్చు శ్రుతిలో పలుకుతాయి, వేళ్లూ నొప్పి పెడతాయి. అసలు సందు లేకుండా ఫ్రెట్‌ను తాకితే ఖాళీ తీగ గరగరమంటుంది. గాడిని లోతు చేయడానికి ప్రత్యేకమైన ఆకురాళ్లు ఉన్నాయి గానీ ఖరీదెక్కువ. వెల్డింగ్ సామగ్రి దుకాణాల్లో దొరికే నాజిల్ శుభ్రం చేసే సన్నని గరుకు కడ్డీల కట్టలో తీగ లావుకు సరిపడేది ఎంచుకొని జాగ్రత్తగా వాడితే పని జరుగుతుంది. గాడి అడుగు హెడ్‌స్టాక్ వైపు కొంచెం కిందికి వాలుతూ, తీగ చివరిసారిగా ఫింగర్‌బోర్డు వైపు అంచునే తాకేలా ఉండాలి. రెండు మూడు సార్లు గీసి, తీగ వేసి చూసి, మళ్లీ గీయాలి.

ప్లాస్టిక్ నట్ పగిలి ఉన్నా, గాడులు మరీ లోతైపోయినా కొత్తది వేయాలి. పాత నట్ చుట్టూ వార్నిష్‌ను చాకుతో గీసి విడదీసి, చెక్క ముక్క అడ్డుపెట్టి పక్క నుండి మెల్లగా తట్టితే ఊడివస్తుంది. సంప్రదాయంగా ఎముకతో చేసిన నట్‌ను వాడతారు. ఎముక వద్దనుకునేవారు గ్రాఫైట్ కలిపిన గట్టి కృత్రిమ పదార్థంతోగానీ ఇత్తడితోగానీ చేసినదాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. రెండు చిన్న చుక్కల జిగురు మించి వేయకూడదు, ఎప్పుడో ఒకప్పుడు దాన్ని మళ్లీ తీయవలసి వస్తుంది.

ఆరవ అంచె: బ్రిడ్జ్, ట్యూనర్లు

బ్రిడ్జ్ కొనే ముందు మొదటి తీగకూ ఆరో తీగకూ మధ్య దూరాన్ని కొలవాలి. పాత ఫెండర్ పద్ధతిలో అది సుమారు 56 మి.మీ., ఆసియా దేశాల్లో తయారైన అనేక అనుకరణల్లో 52.5 మి.మీ. దగ్గర ఉంటుంది. కొలత తప్పితే స్క్రూ రంధ్రాలు కలవవు, తీగలు ఫింగర్‌బోర్డు అంచులు దాటిపోతాయి. తుప్పుపట్టిన శాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న ముక్క) స్క్రూలకు తుప్పు వదిలించే నూనె పెట్టి కదిలించగలిగితే, బ్రిడ్జ్ మార్చవలసిన అవసరమే ఉండదు.

ట్రెమోలో బ్రిడ్జ్ (చేయి లాంటి కడ్డీతో ఊపి శ్రుతిని మార్చే రకం) తేలుతూ ఉంటే ఒక తీగను గమకం కోసం లాగినప్పుడు మిగతా తీగలన్నీ శ్రుతి దిగిపోతాయి, ఎందుకంటే పెరిగిన లాగుడుకు బ్రిడ్జ్ మొత్తం ముందుకు వంగుతుంది. ట్రెమోలో చేయి వాడనివారు వెనుక గుంతలో లోహపు దిమ్మకూ చెక్కకూ మధ్య సరిపడే గట్టి చెక్క ముక్క బిగించి దాన్ని నిశ్చలం చేసుకోవాలి. ఖర్చు లేని ఈ మార్పు మన సంగీతం వాయించేవారికి కొత్త ట్యూనర్ల కన్నా ఎక్కువ ఉపకరిస్తుంది.

తీగల ఎత్తును 12వ ఫ్రెట్ దగ్గర రెండు వైపులా 1.6 మి.మీ.కు తెచ్చి, జీర వస్తే లావు తీగ వైపు 2 మి.మీ. వరకు పెంచండి. తరువాత కొత్త తీగలతోనే స్వరస్థానాలను సరిచేయాలి: 12వ ఫ్రెట్ మీద తీగను తేలికగా తాకి పలికించిన స్వరాన్నీ, అక్కడే నొక్కి పలికించిన స్వరాన్నీ శ్రుతి చూపే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌లో పోల్చి, నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను వెనక్కి, తగ్గుగా ఉంటే నెక్ వైపుకు జరపాలి. ట్యూనర్లు మార్చవలసి వస్తే, పోస్టు రంధ్రం వ్యాసాన్ని కొలిచి కొనడం మరువకండి. పాత పద్ధతి ట్యూనర్లకూ, ఇప్పటి 10 మి.మీ. రంధ్రపు ట్యూనర్లకూ పొత్తు కుదరదు.

ఏడవ అంచె: వైరింగ్, ఎర్తింగ్

మొదట ప్రాణానికి సంబంధించిన మాట. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. యాంప్ పెట్టిన సాకెట్‌కు సరైన ఎర్తింగ్ లేకపోయినా, వేరే లైను నుండి వచ్చిన మైకు ఎర్త్‌తో తేడా ఉన్నా, ఎడమచేత్తో తీగలు పట్టుకొని పెదవులతో మైకును తాకిన గాయకునికి 230 వోల్టుల షాక్ తగిలే ప్రమాదం ఉంది. జాతర వేదికల మీద, పెళ్లి పందిళ్లలో, జనరేటర్ మీద నడిచే కచేరీల్లో ఇది ఊహ కాదు. తీగను తాకినప్పుడు వేళ్లు జివ్వుమంటే వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ ఎర్తింగ్ పరీక్షింపజేయాలి. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్నును తీసివేసి గుంయ్‌మనే శబ్దం తగ్గించుకునే అలవాటును ఎవరు సలహా ఇచ్చినా పాటించకూడదు. వాల్వ్ (గాజు గొట్టాలతో పనిచేసే) యాంప్‌ను మాత్రం మీరే విప్పకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

గిటార్ లోపలి వోల్టేజీ చాలా స్వల్పం కాబట్టి అక్కడ భయం లేదు. గరగరమనే పాట్లలో ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా చిమ్మి, ఆ చివర నుండి ఈ చివరకు పలుమార్లు తిప్పితే చాలావరకు శబ్దం పోతుంది. సెలెక్టర్ స్విచ్‌కూ అదే పని. తరువాత మల్టీమీటర్‌తో పాట్ రెండు చివరి కాళ్ల మధ్య నిరోధాన్ని కొలవాలి, అప్పుడు కనీసం ఒక చివరి కాలుకు ఉన్న వైరును విప్పి ఉంచాలి, లేకపోతే పికప్ నిరోధం కూడా కలిసి తప్పు అంకె చూపిస్తుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న) పికప్‌లకు 250 కిలో ఓమ్, హంబకర్లకు (రెండు చుట్టలున్న పికప్‌లకు) 500 కిలో ఓమ్ పాట్లు వాడటం రివాజు. 250 అని రాసి ఉన్నది 190 చూపిస్తే గిటార్ మూగగా పలకడానికి కారణం దొరికినట్టే. వాల్యూమ్‌కు ఆడియో టేపర్ పాట్ తీసుకుంటే శబ్దం చెవికి సమంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చవక గిటార్లలోని చిన్న పాట్లను పెద్దవాటితో మార్చేటప్పుడు ఇరుసు రంధ్రం సరిపోతుందో లేదో ముందే చూసుకోవాలి.

టోన్ కెపాసిటర్ సింగిల్ కాయిల్‌కు 0.047, హంబకర్‌కు 0.022 మైక్రోఫారడ్ ఉండటం సాధారణం. విలువ ఒకటే అయినప్పుడు ఖరీదైన కెపాసిటర్‌కూ మామూలుదానికీ చెవికి వినిపించే తేడా ఉండదని నా నిశ్చితాభిప్రాయం, ఆ డబ్బును మంచి అవుట్‌పుట్ జాక్ మీద పెట్టండి. వాల్యూమ్ తగ్గించినప్పుడు ధ్వని మసకబారడం మీకు ఇబ్బందిగా ఉంటే, వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలుకూ మధ్య కాలుకూ నడుమ 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్‌నూ, దానికి సమాంతరంగా 150 కిలో ఓమ్ రెసిస్టర్‌నూ అతికించాలి. ఈ భాగాలన్నీ చెన్నైలోని రిచీ స్ట్రీట్‌లోనో, చిత్తూరు వైపువారికి బెంగళూరు ఎస్.పి. రోడ్డులోనో చిల్లరగా దొరుకుతాయి.

టంకం వేయడానికి 40 నుండి 60 వాట్ల ఐరన్, రోజిన్ ఉన్న 60/40 టంకపు తీగ కావాలి. పాట్ వీపు మీద ఎర్త్ అతుకు వేసేటప్పుడు తక్కువ వాట్ల ఐరన్‌తో చాలాసేపు కాల్చడం కన్నా ఎక్కువ వాట్ల ఐరన్‌తో రెండు మూడు సెకన్లలో ముగించడం పాట్‌కు క్షేమం. ముందు ఆ చోటును ఎమరీ పేపరుతో గీకి, పలుచగా టంకం పూసుకోవాలి. అతుకు నున్నగా మెరుస్తూ ఉండాలి, మట్టి రంగులో గడ్డలా ఉంటే మళ్లీ వేడిచేయాలి. కిటికీలు తెరిచి పనిచేయాలి, టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

మన దేశపు కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సింగిల్ కాయిల్ పికప్‌లు ఆ లోతైన గుంయ్‌కారాన్ని పీల్చుకుంటాయి. ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు చేసే సన్నని చరచర శబ్దం వేరు. రెండోదాన్ని తగ్గించడానికి పికప్, పాట్ల గుంతలకు అంటుకునే రాగి రేకు వేసి, ముక్కల అంచులను అక్కడక్కడ టంకంతో కలిపి, మొత్తాన్ని ఎర్త్‌కు జోడించాలి. జాక్ కొసను కలిపే వైరు రేకుకు తగలకుండా టేపు చుట్టాలి, తగిలితే శబ్దమే రాదు. రాగి రేకు మొదటి రకం గుంయ్‌కారాన్ని ఆపలేదు, అది అయస్కాంత క్షేత్రం ద్వారా వస్తుంది. చివరగా మల్టీమీటర్‌తో తీగలకూ జాక్ బయటి భాగానికీ మధ్య కనెక్షన్ ఉందో లేదో చూడాలి. తీగలు ముట్టుకుంటే శబ్దం తగ్గడం సహజం, పెరిగితే జాక్ దగ్గర వైర్లు తారుమారై ఉంటాయి.

ఎనిమిదవ అంచె: పికప్‌లు

ఇప్పుడు వాయించి చూడండి. గిటార్ ధ్వని ఇంకా తృప్తి ఇవ్వకపోతే కొనడానికి ముందు పాత పికప్‌ల ఎత్తు సరిచేయాలి. చివరి ఫ్రెట్‌ను నొక్కిపట్టి, తీగ అడుగు నుండి సింగిల్ కాయిల్ పైభాగం వరకు 2 నుండి 2.5 మి.మీ., బ్రిడ్జ్ దగ్గరి హంబకర్‌కు 1.6 మి.మీ. ఉంచి మొదలుపెట్టాలి. మరీ దగ్గరగా పెడితే బలమైన అయస్కాంతాలు తీగను లాగి, పై స్థాయి స్వరాలు అలలుగా వణుకుతాయి.

వాల్యూమ్ పూర్తిగా పెంచి, కేబుల్ కొసకూ బయటి భాగానికీ మధ్య కొలిస్తే సింగిల్ కాయిల్ సాధారణంగా 5.5 నుండి 7 కిలో ఓమ్, హంబకర్ 7 నుండి 9 కిలో ఓమ్ చూపిస్తాయి. పాట్ల వల్ల కొంచెం తక్కువ కనిపిస్తుంది. ఒక పికప్ దగ్గర మాత్రమే పాట్ విలువ అంతా, అంటే 250 కిలో ఓమ్ దరిదాపు, కనిపిస్తే దాని కాయిల్ తెగిపోయినట్టు. చాలాసార్లు తెగేది బయటి వైరు కాయిల్‌తో కలిసేచోటే కాబట్టి, భూతద్దం కింద చూసి అతికించవచ్చు. లోపల తెగితే తిరిగి చుట్టాలి. అందులో వాడే తీగ 0.063 మి.మీ. లావు మాత్రమే ఉంటుంది గనుక మోటార్ రీవైండింగ్ దుకాణాల వల్ల ఈ పని కాదు.

ఎక్కువ శబ్దంలో పికప్ కీచుమంటే, లోపలి చుట్లు వదులై కదులుతున్నాయని అర్థం. నాలుగు వంతుల పారఫిన్‌కు ఒక వంతు తేనెమైనం కలిపి, నీళ్ల గిన్నెలో పెట్టిన మరో గిన్నెలో కరిగించి, 65 డిగ్రీల దగ్గర నిలిపి, బుడగలు ఆగేదాకా పికప్‌ను అందులో ఉంచాలి. థర్మామీటర్ లేకుండా ఈ పనికి పూనుకోకండి, వేడి పెరిగితే ప్లాస్టిక్ బాబిన్ (తీగ చుట్టిన చట్రం) వంగిపోతుంది. మైనాన్ని నేరుగా మంట మీద పెడితే నిప్పంటుకుంటుంది.

ఇన్ని చేసినా కొత్తవి కావాలనిపిస్తే, గుంతకు సరిపడే కొలతలో కొనండి. 50 హెర్ట్జ్ గుంయ్‌కారమే అసలు బాధ అయితే హంబకర్ తీసుకోవాలి. గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఆ రచనలో రెండు కాయిళ్లు, వాటి అయస్కాంతాలు పరస్పరం వ్యతిరేక దిశల్లో ఉండటం వల్ల తీగ ధ్వని కలిసి పెరుగుతుంది, బయటి గుంయ్‌కారం రద్దవుతుంది. శరీరాన్ని కోయనక్కరలేకుండా సింగిల్ కాయిల్ గుంతలోనే కూర్చునే హంబకర్లు దొరుకుతున్నాయి, పాత గిటార్‌కు అవే తగినవి. బిగించిన తరువాత రెండు పికప్‌లు కలిపి మోగించినప్పుడు ధ్వని పలుచగా, బోలుగా ఉంటే వాటి దశలు ఎదురెదురుగా ఉన్నట్టు. ఒక పికప్ రెండు వైర్లనూ పరస్పరం మార్చాలి. దానికి లోహపు కవచం ఉంటే, ముందు కవచపు ఎర్త్ వైరును విడదీసి వేరుగా ఎర్త్‌కు కలపాలి.

తీసిన పాత పికప్‌లు, పాట్లు, స్క్రూలు, విరిగిన నట్‌తో సహా అన్నిటినీ ఒక సంచిలో వేసి, ఏ భాగం ఎప్పుడు మార్చారో కాగితం మీద రాసి గిటార్ కేసులోనే ఉంచండి. మొదటి ఈశాన్య వర్షాలు పడిన రెండు మూడు వారాలకు నెక్ వంపును, 12వ ఫ్రెట్ దగ్గరి తీగల ఎత్తును మళ్లీ కొలిచి, తేడా ఉంటే ట్రస్ రాడ్‌ను పావు చుట్టుకు లోపలే సవరించుకోవాలి. మే నెలలో ఫ్రెట్ కొసలను వేలితో తడిమి చూసుకోవాలి.